నారింజ వెలుగు, గామా కిరణాలు

ఎం.ఎస్సీ. చివరి సంవత్సరంలో ప్రాజెక్టు కోసం నేను మొదటిసారి సిలికాన్‌ను వెలిగించాను. బొటనవేలి గోరంత వేఫర్ (పలుచని సిలికాన్ బిళ్ళ) ముక్క, టెఫ్లాన్ గిన్నెలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, ఇథనాల్ కలిపిన ద్రావణం, ఎదురుగా ప్లాటినం తీగ, ఇంతే సరంజామా. ఆ ఆమ్లం చర్మం మీద పడితే లోపలికి ఇంకి ఎముకలోని కాల్షియందాకా వెళుతుంది కాబట్టి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన ఉంటే తప్ప మూత తీయవద్దని గురువుగారు ముందే గట్టిగా చెప్పారు. చదరపు సెంటీమీటరుకు కొన్ని పదుల మిల్లీ ఆంపియర్ల కరెంటును కొద్ది నిమిషాలు పంపి, ముక్కను కడిగి ఆరబెట్టి, గదిలో దీపాలన్నీ ఆర్పి, 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద పెట్టాము. అప్పటిదాకా బూడిదరంగు అద్దంలా ఉన్న ఆ ముక్క మధ్యభాగం, నిప్పు మీద ఊదినప్పటి రంగులో, నారింజకూ ఎరుపుకూ నడుమ వెలిగింది. సిలికాన్ వెలగదని మూడేళ్ళు పాఠ్యపుస్తకంలో చదివి, పరీక్షల్లో రాసి వచ్చిన నాకు, ఆ రాత్రి చాలాసేపు ఆ దీపం ఆర్పాలనిపించలేదు.

ఆ వెలుగుకు గామా కిరణాలు తగిలితే ఏమవుతుందన్నది నా ప్రాజెక్టు ప్రశ్న. నమూనాను గామా కిరణాలు వెదజల్లే కోబాల్ట్-60 ఉన్న గామా ఛాంబర్‌లో పెట్టించి, కొన్ని వారాల తరువాత తిరిగి తెచ్చుకుని కొలిస్తే, తీవ్రత సగానికన్నా తగ్గింది. గామా కిరణాలు సిలికాన్ వెలుగును ఆర్పేస్తాయని నోటుపుస్తకంలో రాసేసుకుని, ఆ గ్రాఫు తీసుకుని గురువుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గ్రాఫు చూడకముందే, "ఛాంబర్‌కు పంపని ముక్క ఏదీ? దాన్ని కూడా ఈ రోజే కొలిచావా?" అని అడిగారు. సొరుగులో ఉన్న ఆ ముక్కను తీసి కొలిస్తే, అది కూడా బాగానే మసకబారి ఉంది. గాలిలోని ఆక్సిజన్ తన పని తాను చేసుకుపోయింది. నేను కిరణాలకు అంటగట్టిన నష్టంలో పెద్ద భాగం సొరుగులోనే జరిగింది. మిగిలిన ఆ కొద్ది తేడా మాత్రమే నిజంగా రేడియేషన్‌ది. ఆ కొద్ది తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఇన్నేళ్ళయినా నన్ను వదలలేదు. దాని గురించి ఇప్పటికి నాకు అర్థమైనంత ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందుగా సిలికాన్ ఎందుకు వెలగదో చెప్పుకోవాలి. అర్ధవాహకంలో ఎలక్ట్రాన్ పై పట్టీ నుంచి కిందికి దిగి, అక్కడి ఎలక్ట్రాన్ ఖాళీతో, అంటే హోల్‌తో కలిసినప్పుడు, ఆ శక్తి కాంతిగా బయటికి రావచ్చు. గాలియం ఆర్సెనైడ్‌లో ఇది సులువుగా జరుగుతుంది, ఎందుకంటే అక్కడ ఎలక్ట్రాన్‌కూ హోల్‌కూ ద్రవ్యవేగం ఒకటే. సిలికాన్‌లో ఆ రెండింటి ద్రవ్యవేగాలు వేరు. కాంతి కణం ఆ తేడాను మోయలేదు కాబట్టి, స్ఫటిక జాలకపు కంపనం ఒకటి సరిగ్గా ఆ క్షణంలో తోడు రావాలి. అంత పొందిక అరుదుగా కుదురుతుంది. ఎలక్ట్రాన్ ఆ తోడు కోసం ఎదురుచూస్తూ స్ఫటికమంతా తిరుగుతుండగానే ఏదో ఒక లోపం దగ్గర చిక్కుకుని, తన శక్తిని వేడిగా వదిలేస్తుంది. రెండు పట్టీల నడుమ ఉండే 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల (సూక్ష్మకణాల శక్తికి వాడే కొలమానం) తేడాకు, అంటే బ్యాండ్ గ్యాప్‌కు తగిన పరారుణ కాంతి మామూలు సిలికాన్ నుంచి వస్తుంది కానీ, పడిన లక్ష ఎలక్ట్రాన్లలో ఒకటి రెండు ఇచ్చేంతే.

1956లో బెల్ లేబొరేటరీస్‌లో ఆర్థర్ ఊలిర్ సిలికాన్‌ను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో విద్యుత్తుతో నునుపు చేయబోతే, కొన్ని పరిస్థితుల్లో నునుపుకు బదులు రంగు పొర ఒకటి ఏర్పడింది. అదే సన్నని రంధ్రాలతో నిండిన పోరస్ సిలికాన్, నేను గిన్నెలో చేసినదీ అదే. అది వెలుగుతుందని లోకానికి తెలియడానికి మరో 34 ఏళ్ళు పట్టింది. 1990లో ఇంగ్లండులోని మాల్వర్న్‌లో, రాయల్ సిగ్నల్స్ అండ్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేస్తున్న లీ కానమ్, రంధ్రాలను మరింత పెద్దవి చేసి నడుమ మిగిలిన సిలికాన్ గోడలను కొన్ని నానోమీటర్లకు సన్నగిల్లజేస్తే, గది ఉష్ణోగ్రత వద్దే కంటికి కనిపించే ఎర్రని వెలుగు వస్తుందని ప్రచురించారు. సిలికాన్‌లో ఎలక్ట్రాన్, హోల్ జంట సహజంగా పరుచుకునే వ్యాసార్ధం సుమారు 5 నానోమీటర్లు. అంతకన్నా చిన్న గదిలో వాటిని బంధిస్తే శక్తి తేడా పెరుగుతుంది, అంటే పరారుణం నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి నారింజకు వెలుగు జరుగుతుంది. ద్రవ్యవేగపు నియమం కూడా కొంత సడలుతుంది. అయినా సిలికాన్ తన స్వభావాన్ని పూర్తిగా వదులుకోదు. గాలియం ఆర్సెనైడ్‌లో నానోసెకన్లలో వచ్చేసే కాంతి ఇక్కడ పదుల నుంచి వందల మైక్రోసెకన్ల తరువాత గానీ రాదు.

రేడియేషన్ కథ అంతా ఆ ఆలస్యం దగ్గరే మొదలవుతుంది. వెలగడానికి వంద మైక్రోసెకన్లు కావలసిన జంటను, అంతకంటే ముందుగా పట్టుకుని వేడిగా మార్చగలిగినది ఏదైనా దీపాన్ని ఆర్పేస్తుంది. అలా పట్టుకోగలిగిన వాటిలో మొదటిది జతలేని బంధం. ప్రతి సిలికాన్ అణువుకు (ఇక్కడ అణువంటే పరమాణువే) నాలుగు చేతులు. కొన్ని నానోమీటర్ల సిలికాన్ ముక్క, అంటే నానోకణం, అంచున ఉన్న అణువుకు అటువైపు పట్టుకునేందుకు తోటి సిలికాన్ ఉండదు. అక్కడ హైడ్రోజనో, ఆక్సిజనో, కార్బన్ గొలుసో వచ్చి ఆ చేతిని పట్టుకోవాలి. పట్టుకోకపోతే ఆ ఖాళీ చేయి ఎలక్ట్రాన్లకు వలగా మారుతుంది. లానూ, దెలెర్యూ, ఆలాన్ అనే ఫ్రెంచి సైద్ధాంతికులు 1990లలో చేసిన లెక్కల ప్రకారం, ఒక నానోకణానికి అలాంటి బంధం ఒక్కటి ఉంటే చాలు, అది వెలగడం మానేస్తుంది. వెలుగు సగమో పావో తగ్గడం కాదు, మొత్తం ఆరిపోతుంది.

ఈ ఒక్క సంగతి సరిగ్గా మనసుకు ఎక్కితే, రేడియేషన్ ఫలితాలను చదివే పద్ధతే మారిపోతుంది. మామూలు సిలికాన్ ముక్కలో ఎలక్ట్రాన్ ఎన్నో మైక్రోమీటర్లు తిరుగుతుంది, కాబట్టి ఎక్కడో దూరంగా ఏర్పడిన లోపం కూడా దాన్ని లాగేసుకుంటుంది. పెళ్ళి పందిరికి కట్టే పాతకాలపు సీరియల్ లైట్లలో ఒక బల్బు పోతే తోరణమంతా ఆరినట్టు, అక్కడ ఒకచోటి గాయం చుట్టుపక్కలంతటికీ పాకుతుంది. నానోకణాలు ఒకదానికొకటి దూరంగా గాజులో (సిలికాన్ డయాక్సైడ్) పొదిగి ఉన్నప్పుడు పరిస్థితి కార్తీక పౌర్ణమినాడు ఏట్లో వదిలిన అరటిదొప్పల దీపాలది. గాలికి ఒకటి ఆరితే దాని వెలుగే పోతుంది, పక్కదానికి ఏమీ కాదు. కాబట్టి రేడియేషన్ తరువాత వెలుగు సగమైందని కొలిస్తే, ప్రతి కణమూ సగం మసకబారిందని కాదు అర్థం. సగం కణాలు పూర్తిగా ఆరిపోయి, మిగిలిన సగం మునుపటిలాగే వెలుగుతున్నాయని. దీన్ని తేల్చుకోవడానికి తీవ్రతతో పాటు, అతినీలలోహిత దీపం ఆపాక వెలుగు ఆరే కాలాన్ని కూడా కొలవాలి. తీవ్రత పడిపోయినా ఆ కాలం పెద్దగా మారకపోతే, బతికి ఉన్న దీపాలు ఆరోగ్యంగానే ఉన్నాయన్నమాట. నా విద్యార్థి దశలో నేను ఆ రెండో కొలత చేయలేదు, చేయాలని తెలియనే లేదు.

కొంచెం లెక్క వేసి చూద్దాం. సిలికాన్‌లో ఒక ఘన నానోమీటరుకు 50 అణువులు ఉంటాయి. 4 నానోమీటర్ల వ్యాసమున్న గోళంలో సుమారు 1,700 అణువులు, 2 నానోమీటర్ల గోళంలో సుమారు 210. ప్రతి 1,700 అణువులకూ సగటున ఒకటి చొప్పున తన చోటు నుంచి తొలగేంత రేడియేషన్ పడిందనుకుందాం. అణువులు యాదృచ్ఛికంగా తొలగుతాయి కనుక పాయిసన్ లెక్క ప్రకారం, 4 నానోమీటర్ల కణాలలో దెబ్బ తగలనివి 37 శాతమే మిగులుతాయి. అదే మోతాదుకు 2 నానోమీటర్ల కణాలలో 88 శాతం క్షేమంగా ఉంటాయి. అంటే పెద్ద కణాలు ముందు ఆరుతాయి, చిన్నవి నిలబడతాయి. చిన్న కణాల వెలుగు తక్కువ తరంగదైర్ఘ్యంలో ఉంటుంది కాబట్టి, మొత్తం వర్ణపటం నీలం వైపుకు కాస్త జరిగినట్టు కనిపిస్తుంది. ఇలాంటి జరుగుడు కనిపించగానే, రేడియేషన్ వల్ల కణాలు కుంచించుకుపోయాయని తీర్మానించడం తొందరపాటు. ఏ కణమూ కుంచించుకోకపోయినా, పెద్దవి ఆరిపోతే చాలు, సగటు మారిపోతుంది. ఒక్క లోపానికే కణం ఆరిపోతుందన్న ఊహ మీద వేసిన లెక్క ఇది. తొలగిన అణువు తిరిగి తన చోటికి వచ్చి పడే అవకాశం కూడా ఉంది కాబట్టి, నిజమైన కణాలు ఇంకొంచెం గట్టివని అనుకోవచ్చు.

అణువును తొలగించడం అంత తేలిక కాదు. సిలికాన్ అణువును జాలకంలోని తన చోటు నుంచి పీకడానికి సుమారు 20 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి నేరుగా దాని కేంద్రకానికి అందాలి. ఎలక్ట్రాన్ మరీ తేలిక, సిలికాన్ కేంద్రకం దానికన్నా యాభై వేల రెట్లు బరువు. క్రికెట్ బంతి మీద ఆవగింజ విసిరినట్టు, ఎంత వేగంగా విసిరినా బంతికి అందేది కొంచెమే. ఎదురెదురుగా గుద్దుకున్నా 20 ఎలక్ట్రాన్ వోల్టులు అందాలంటే ఎలక్ట్రాన్‌కు 2 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా శక్తి ఉండాలి. 4 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులతో వస్తే గరిష్ఠంగా 44 అందుతుంది, 10 లక్షలతో వస్తే 155. కోబాల్ట్-60 గామా కిరణాలు పదార్థంలో పుట్టించే ఎలక్ట్రాన్ల గరిష్ఠ శక్తి దాదాపు 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులే కాబట్టి, అవి అడపాదడపా ఒక అణువును తొలగించగలవు గానీ, వాటి అసలు పని అది కాదు. న్యూట్రాన్ల తీరు వేరు. వాటికి విద్యుదావేశం లేదు, బరువు ఉంది. ఒక్క గుద్దుతో ఒక సిలికాన్ అణువును వేల ఎలక్ట్రాన్ వోల్టులతో ఎగరగొడితే, అది దారి పొడుగునా వందల అణువులను కదిలిస్తూ పోతుంది. ఆ దారికి అడ్డుపడిన నానోకణం ఒక లోపంతో బయటపడదు.

1990ల చివరలో రష్యాలోని నోవోసిబిర్‌స్క్‌లో గెన్నాదీ కచూరిన్ బృందం, ఫ్రెంచి సహచరులతో కలిసి, గాజులో పొదిగిన సిలికాన్ నానోస్ఫటికాలను హీలియం అయాన్లతోను, 4 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లతోను కొట్టి చూసింది. పైన చెప్పిన లెక్క దృష్టితో చూస్తే ఆ శక్తిని ఎందుకు ఎంచుకున్నారో అర్థమవుతుంది: ఒక్కొక్క గుద్దుకు ఒక్కొక్క అణువు మాత్రమే తొలగేంత, గుంపు నష్టం లేనంత. ఒక కణానికి ఒక అణువు తొలగే స్థాయి దగ్గరే వెలుగు ఆరడం మొదలవుతుందని వారు గమనించారు. 2002లో ఇటలీలోని కటానియాలో ఫ్రాన్చెస్కో ప్రియోలో బృందం, ఇదే పనిని మరింత విస్తారంగా, హీలియం నుంచి బంగారం దాకా బరువులో ఎంతో తేడా ఉన్న 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల అయాన్లతో చేసింది. ఈ రంగంలో నేను మళ్ళీ మళ్ళీ తెరిచి చదివే పత్రం అదే. తీవ్రతనూ, ఆరే కాలాన్నీ రెండింటినీ పక్కపక్కన పెట్టి, లోపాలు ఏర్పడటం, నయం కావడం రెండింటినీ ఒకే కథగా చెప్పిన ఓపిక అందులో కనిపిస్తుంది.

ఇప్పుడు నా గామా ఛాంబర్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే చాలామంది పొరబడేది ఇక్కడే. గామా మోతాదును గ్రేలలో చెబుతాము. కిలోగ్రాము పదార్థంలో ఒక జౌలు శక్తి చేరితే ఒక గ్రే. 4 నానోమీటర్ల సిలికాన్ కణం బరువుకు ఈ లెక్క కడితే, ఒక గ్రే మోతాదులో దానికి అందే సగటు శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టులో రెండు వేలవ వంతు మాత్రమే. సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్, హోల్ జంట పుట్టడానికి 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అంటే కణానికి ఒక్క జంట పుట్టాలంటేనే 7,000 గ్రేలకు పైగా పడాలి. ఉపగ్రహాల్లోని ఎలక్ట్రానిక్ పరికరాలను సాధారణంగా వందల నుంచి రెండు మూడు వేల గ్రేల మోతాదుకు తట్టుకునేలా పరీక్షిస్తారని గుర్తు చేసుకుంటే, ఆ సంఖ్య ఎంత పెద్దదో తెలుస్తుంది. అంత మోతాదు పడినా సగటున ఒక్క జంట పుడుతుంది, అదీ కలిసిపోయి మాయమవుతుంది. మరి కణం ఎందుకు ఆరిపోతుంది?

దెబ్బ కణానికి కాదు, దాని చుట్టూ ఉన్న ఇంటికి తగులుతుంది. కణాన్ని చుట్టుకున్న సిలికాన్ డయాక్సైడ్ పరిమాణంలో కణంకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అందులో పుట్టిన జంటల్లో ఎలక్ట్రాన్లు చకచకా జారిపోతాయి, హోల్‌లు మాత్రం ఒక మజిలీ నుంచి మరో మజిలీకి మెల్లగా పాకుతూ, ఆక్సిజన్ లోపించిన చోట చిక్కుకుంటాయి. వాటి ప్రయాణంలో ఆక్సైడ్‌లోని హైడ్రోజన్ విడుదలై, ప్రోటాన్‌గా మారి, సిలికాన్ సరిహద్దుకు చేరుతుంది. అక్కడ ఉపరితలపు ఖాళీ చేతిని పట్టుకుని కూర్చున్న హైడ్రోజన్‌ను ఈ కొత్త ప్రోటాన్ లాగేసి, రెండూ కలిసి హైడ్రోజన్ అణుజంటగా ఎగిరిపోతాయి. మిగిలింది జతలేని బంధం. ఇది ట్రాన్సిస్టర్లలో రేడియేషన్ నష్టాన్ని దశాబ్దాలుగా పరిశోధించినవారు తేల్చిన మార్గం. నానోకణానికి కూడా సరిహద్దు అదే, పదార్థాలు అవే. నాకు ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది హైడ్రోజన్ పాత్ర. కణాన్ని వెలిగేలా చేసింది అదే, కిరణాలు పడిన తరువాత కణాన్ని ఆర్పేదీ అదే.

జతలేని బంధం ఏర్పడకుండానే కణం ఆరే దారి మరొకటుంది. దగ్గరలో చిక్కుకున్న ఆవేశమో, కణంలోనే మిగిలిపోయిన ఒక అదనపు ఎలక్ట్రానో ఉంటే, కొత్తగా పుట్టిన జంట తన శక్తిని కాంతిగా ఇవ్వకుండా ఆ అదనపు ఎలక్ట్రాన్‌కు అప్పగించేస్తుంది. దీన్ని ఓజే పునఃసంయోగం అంటారు. ఇది నానోసెకన్లలో ముగుస్తుంది, వంద మైక్రోసెకన్లు ఎదురుచూడాల్సిన కాంతికి అవకాశమే ఉండదు. ఇందులో ఊరట ఏమిటంటే ఆవేశం కారిపోతే దీపం తిరిగి వెలుగుతుంది. గామా ఛాంబర్ నుంచి రాగానే కొలిచిన తీవ్రతకూ, నాలుగు రోజులు ఆగి కొలిచిన తీవ్రతకూ తేడా రావడానికి ఇదొక కారణం కావచ్చు. అందుకే కొలత తేదీ, గంట రాయని గ్రాఫును నేను ఇప్పుడు నమ్మలేను.

ఈ ఆవేశపు సంగతి ఆకాశం దాకా వెళ్ళింది. కొన్ని నెబ్యులాలలో (ఆకాశంలోని వాయు, ధూళి మేఘాలలో), నక్షత్రాల మధ్య ధూళిలో, 540 నుంచి 900 నానోమీటర్ల మధ్య విశాలమైన ఎర్రని వెలుగు కనిపిస్తుంది. రెడ్ రెక్టాంగిల్ నెబ్యులాలో అది బాగా ప్రస్ఫుటం. 1998లో అడాల్ఫ్ విట్, ఆయన సహచరులు, ఆ వెలుగు సిలికాన్ నానోకణాలదే కావచ్చని ప్రతిపాదించారు. అతినీలలోహిత కాంతి మరీ తీవ్రమైతే కణాల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి అవి వెలగడం మానేస్తాయన్న వాదన కూడా దానికి తోడైంది. తరువాత 20 మైక్రోమీటర్ల దగ్గర అలాంటి కణాల నుంచి రావలసిన పరారుణ ఉద్గారం కనబడటం లేదని లీ, డ్రెయిన్ 2002లో అభ్యంతరం చెప్పారు. నా మటుకు నాకు ఆ అభ్యంతరం బలమైనదనే అనిపిస్తుంది. అయినా ప్రయోగశాల గిన్నెలో చూసిన రంగును నెబ్యులాలో వెతికిన ఆ ఆలోచన మీద నాకున్న ఇష్టం తగ్గలేదు.

కార్తీక దీపాల పోలికకు ఒక హద్దు ఉంది, అది చెప్పకుండా దాటవేయలేను. కణాలు మరీ దగ్గరగా, ఒకటి రెండు నానోమీటర్ల ఎడంలో ఉంటే, జంట శక్తి ఒక కణం నుంచి పక్క కణానికి దూకుతుంది, సాధారణంగా చిన్న కణం నుంచి పెద్ద కణానికి. అలా దూకుతూ పోయే దారిలో ఒక ఆరిన కణం తగిలితే శక్తి అక్కడే మునిగిపోతుంది. అప్పుడు ఒక్క గాయం చుట్టుపక్కల నాలుగైదు కణాల వెలుగును కూడా తినేస్తుంది, ఆరే కాలం కూడా తగ్గుతుంది. నా పోరస్ సిలికాన్‌లో గోడలన్నీ ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. కాబట్టి రేడియేషన్‌ను తట్టుకునే వెలుగు కావాలంటే కణాలను ఎడంగా ఉంచాలి. కానీ విద్యుత్తుతో వాటిని వెలిగించాలంటే దగ్గరగా ఉంచాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. ఈ రంగంలో పని చేసేవారు ఈ ఇరుకును ఇంకా తప్పించుకోలేదు.

రేడియేషన్ వెలుగును ఆర్పడమే కాదు, లేని వెలుగును కూడా పుట్టిస్తుంది. గాజులో ఒక ఆక్సిజన్ బంధం తెగి, దాని చివర ఒంటరి హోల్ మిగిలితే, అది 1.9 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, అంటే 650 నానోమీటర్ల ఎర్రని కాంతిని ఇస్తుంది, అదీ మైక్రోసెకన్ల నిడివితో. రంగు చూసినా, కాలం చూసినా, అది సిలికాన్ నానోకణం వెలుగు అనే అనిపిస్తుంది. ఆక్సిజన్ లోపించిన మరో రకం కేంద్రం 2.7 ఎలక్ట్రాన్ వోల్టుల నీలం కాంతిని ఇస్తుంది. కిరణాలు పడిన తరువాత వెలుగు పెరిగిందని సంబరపడేముందు, సిలికాన్ కణాలు అసలే లేని అదే గాజు ముక్కను అదే మోతాదుకు గురిచేసి చూడాలి. దానికీ ఎర్రని వెలుగు వస్తే ఆ సంబరం గాజుకే చెందుతుంది. నిజంగానే చిన్న మోతాదుల్లో వెలుగు పెరిగిన సందర్భాలు ఉన్నాయి. అరకొరగా స్ఫటికీకరించిన కణాల్లో అణువులు సర్దుకోవడానికి ఆ తాకిడి తోడ్పడవచ్చు. కానీ ఆ మాట అనే ముందు గాజు ముక్క సాక్ష్యం కావాలి.

ద్రవంలో తేలే సిలికాన్ కణాల విషయం కొంచెం వేరు, దాన్ని క్లుప్తంగా చెబుతాను. నీటిలో గామా కిరణాలు పడితే నీరే విడిపోయి హైడ్రాక్సిల్ రాడికల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి. అవి కణం పైతొక్కను ఆక్సీకరిస్తాయి, లోపలి స్ఫటికం నిజంగానే కుంచించుకుపోతుంది. అప్పుడు వెలుగు నీలం వైపుకు జరుగుతుంది, కానీ ఎంతోదూరం కాదు. ఆక్సిజన్ తగిలిన ఉపరితలపు స్థితులు ఎలక్ట్రాన్‌ను పట్టుకుని వెలుగును సుమారు 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే ఆపేస్తాయని 1999లో వోల్కిన్, ఫోషే, వారి సహచరులు పోరస్ సిలికాన్‌లోనే చూపించారు. సిలికాన్‌కు నేరుగా కార్బన్ గొలుసులు అతికించిన కణాలకు ఈ విషయంలో కొంత రక్షణ ఉంటుంది.

కొలిచే సాధనం కూడా కిరణమేనన్నది మరో చిక్కు. కణం పరిమాణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తాము. చాలా యంత్రాలు 2 లక్షలు లేదా 3 లక్షల వోల్టుల దగ్గర నడుస్తాయి. పైన వేసిన లెక్క ప్రకారం అణువు తొలగే హద్దు సరిగ్గా ఆ పరిసరాల్లోనే ఉంది. 3 లక్షల దగ్గర నిదానంగా ఫోటో తీస్తూ కూర్చుంటే, చూస్తున్న కణాన్నే మనం పాడు చేస్తుండవచ్చు. 80 వేలకో లక్షకో దించితే అణువులు తొలగవు, సరిహద్దులోని హైడ్రోజన్ మాత్రం అప్పటికీ క్షేమం కాదు. మైక్రోస్కోపులో చూసిన ముక్కను తరువాత వెలుగు కొలతకు వాడకపోవడమే ఉత్తమం.

ఈ కణాలను పుట్టించడానికి కూడా అయాన్లనే వాడుతారు. ఆక్సైడ్ పొరలోకి సిలికాన్ అయాన్లను చొప్పించి, 1,000 నుంచి 1,100 డిగ్రీల సెల్సియస్‌లో కాలిస్తే, ఎక్కువైన సిలికాన్ ముద్దకట్టి నానోస్ఫటికాలవుతుంది. కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల బరువైన అయాన్లు దూసుకుపోయినప్పుడు, దారి వెంట కొన్ని నానోమీటర్ల మేర పదార్థం సెకనులో లక్ష కోట్లవ వంతు కాలానికి వేల డిగ్రీలకు వేడెక్కి చల్లారుతుంది. సిలికాన్ ఎక్కువగా ఉన్న ఆక్సైడ్‌లో ఆ క్షణికమైన వేడికే సిలికాన్ విడిపడగలదు. మన హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని భౌతికశాస్త్రజ్ఞులు, న్యూఢిల్లీలోని అంతర విశ్వవిద్యాలయ యాక్సిలరేటర్ కేంద్రపు పుంజాలతో, సిలికాన్, జెర్మేనియం నానోకణాల మీద ఇలాంటి పనిని ఏళ్ళ తరబడి చేశారు. తెలుగునాట ఈ ప్రశ్న మీద ఆసక్తి ఉన్న విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, నేను ముందు ఆ పత్రాలే చూపిస్తాను.

ఆరిన దీపాలు మళ్ళీ వెలుగుతాయా అన్నదానికి జవాబు గాయం మీద ఆధారపడుతుంది. సరిహద్దులో హైడ్రోజన్ ఊడిపోయిన గాయమైతే, నత్రజని, హైడ్రోజన్ కలిపిన వాయువులో 400 నుంచి 500 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే హైడ్రోజన్ తిరిగి వచ్చి చేరుతుంది, వెలుగు చాలామటుకు తిరిగి వస్తుంది. కణం లోపల ఒకటి రెండు అణువులు తొలగిన గాయం కూడా అంతకు కొంచెం అటూ ఇటుగా మానుతుంది. కానీ మోతాదు ఎక్కువై కణమంతా క్రమం తప్పి అస్ఫటికంగా మారితే సంగతి వేరు. పెద్ద సిలికాన్ వేఫర్‌లో అలాంటి పొర 600 డిగ్రీలకే తిరిగి స్ఫటికమవుతుంది, ఎందుకంటే అడుగున చెడని స్ఫటికం ఉంటుంది, పై అణువులు దాన్ని చూసి వరుసలు కడతాయి. చుట్టూ గాజు ఉన్న నానోకణానికి చూసి నేర్చుకునేందుకు ఒక్క వరుస కూడా మిగలదు, ముడి నుంచి మొదలుపెట్టాలి. దానికి మళ్ళీ వెయ్యి డిగ్రీల కొలిమే కావాలి. గాయం పక్కకు పాకనివ్వని ఆ ఒంటరితనమే, మానే సమయానికి దానికి అడ్డవుతుంది.

నా పోరస్ సిలికాన్‌కు ఆ వైద్యం కూడా కుదరదు. దాని ఉపరితలమంతా హైడ్రోజనే, 400 డిగ్రీలకు ముందే ఆ హైడ్రోజన్ ఎగిరిపోయి, ఉన్న వెలుగు కూడా పోతుంది. ఈ మధ్య పాత నోటుపుస్తకం తీసి, గామా కిరణాలు ఆర్పేస్తాయని రాసుకున్న వాక్యం కింద గురువుగారు పెన్సిలుతో గీసిన ప్రశ్నార్థకం చూశాను. ఆ పేజీలో ఉన్న సంఖ్యలతో ఇప్పుడు మళ్ళీ లెక్క వేస్తే, సొరుగులోని ముక్క నష్టం తీసేశాక మిగిలేది ఎనిమిదో వంతు లోపే. అందులో చిక్కుకున్న ఆవేశం ఎంతో, తెగిన బంధం ఎంతో విడదీయడానికి ఆరే కాలం కొలత లేదు. ఇప్పుడు నా దగ్గరికి ప్రాజెక్టుకు వచ్చే పిల్లల చేత ప్రతి నమూనాకూ మూడు ముక్కలు చేయిస్తున్నాను: కిరణాలకు ఒకటి, సొరుగుకు ఒకటి, సిలికాన్ కణాలు లేని గాజు ఒకటి. మూడింటినీ ఒకే రోజు, ఒకే దీపం కింద కొలవాలి, తీవ్రత పక్కన మైక్రోసెకన్ల గడి ఖాళీగా వదలకూడదు.